షూటింగ్ గార్డ్ కోచ్ అయితే: బిల్ షార్మన్ కెరీర్ మీద చర్చ

#1 శేషాచలం_షూటర్
అందరికీ నమస్కారం. నేను ఒక డిపార్ట్‌మెంట్ బాస్కెట్‌బాల్ జట్టులో షూటింగ్ గార్డ్‌ని, అంటే దూరం నుంచి షాట్లు వేసే ఆటగాణ్ణి. మోకాలు ఇక సహకరించేలా లేదు. తిరుపతిలో పిల్లలకు కోచింగ్ ఇవ్వమని పాత సీనియర్లు ఒత్తిడి పెడుతున్నారు. షాట్ వేయడం వేరు, పక్కవాడితో వేయించడం వేరు కదా, అదే నా టెన్షన్. షూటింగ్ గార్డ్‌గా ఆడి కోచ్ అయినవాళ్ళ గురించి చదువుతుంటే బిల్ షార్మన్ దగ్గర ఆగిపోయాను. మనవాళ్ళకు మైకేల్ జోర్డాన్, కోబీ, కర్రీ తెలుసు. షార్మన్ పేరు మాత్రం కోర్టు దగ్గర ఎవరినోటా వినలేదు.

ఆటగాడిగా ఆయన కథ క్లుప్తంగా చెప్తాను. 1926లో టెక్సాస్‌లో పుట్టాడు, కాలిఫోర్నియాలో చదివాడు, యుద్ధకాలంలో నేవీలో పనిచేశాడు. 1950లో వాషింగ్టన్ క్యాపిటల్స్ అనే జట్టు తీసుకుంది. సీజన్ మధ్యలోనే ఆ జట్టు మూతపడింది. ఆయన మీద హక్కులు ఫోర్ట్ వేన్‌కు వెళ్ళాయి, అక్కడికి పోనన్నాడు. చివరికి కోచ్ రెడ్ ఆవర్‌బాక్ బోస్టన్ సెల్టిక్స్‌కు తెచ్చుకున్నాడు. అక్కడ బంతి నడిపే బాబ్ కూజీ పక్కన పదేళ్ళు. నాలుగు టైటిళ్ళు (1957, 1959, 1960, 1961), ఎనిమిది ఆల్‌స్టార్ మ్యాచ్‌లు, 1955 ఆల్‌స్టార్‌లో ఉత్తమ ఆటగాడు.

అన్నిటికన్నా ఫ్రీ త్రో (ఫౌల్ అయితే లైన్ దగ్గర నిలబడి ఎవరి అడ్డూ లేకుండా వేసే షాట్). అమెరికా పెద్ద లీగ్ ఎన్‌బీఏలో ఏడు సీజన్లలో ఆయనదే మొదటి స్థానం. 1958–59లో 367 వేస్తే 342 పడ్డాయి. అంటే సీజన్ మొత్తంలో తప్పినవి 25.

ఇంత మంచి షూటర్ కోచ్‌గా ఎలా నెగ్గుకొచ్చాడో మాట్లాడుకుందామని ఈ థ్రెడ్ మొదలుపెట్టాను.

#2 పుంగనూరు_పాయింట్‌గార్డ్
షూటింగ్ గార్డ్‌లు కోచ్ అయితే ప్రతి డ్రిల్లూ "బంతి నాకివ్వు" దగ్గరే మొదలవుతుంది సామీ :) కోచింగ్ బంతి నడిపించే మా పాయింట్ గార్డ్‌ల సొత్తు, వదిలేయండి.

#3 పీడీ_సార్_చిత్తూరు
పుంగనూరు తమ్ముడు సరదాకి అన్నా అందులో కొంత నిజం ఉంది. నేను కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైర్ అయ్యాను. సహజంగా ఆడేసేవాడు మంచి కోచ్ కావడం తక్కువగా చూశాను. చేయి ఎలా తిరుగుతుందో వాడికే తెలియదు, పిల్లాడు అడిగితే "నాలాగా వెయ్యి" అంటాడు. పిల్లాడు వాడిలాగా వేయలేకనే కదా అడిగింది!

షార్మన్ ఆ కోవ కాదు. ఆయనది పుట్టుకతో వచ్చిన చేయి అనుకోకండి. ఫ్రీ త్రో లైన్ దగ్గర కాళ్ళు ఎక్కడ పెట్టాలి, బంతి ఎన్నిసార్లు తట్టాలి, ఊపిరి ఎప్పుడు తీసుకోవాలి, అన్నీ ఒక పద్ధతిలో పెట్టుకున్న మనిషి. పద్ధతి ఉన్నవాడు దాన్ని ఇంకొకరికి చెప్పగలడు. శేషాచలం బాబూ, నీ షాట్‌ను నువ్వు మాటల్లో పెట్టగలవా? అది ముందు చూసుకో. పెట్టగలిగితే కోచింగ్‌కి రా.

#4 కపిలతీర్థం_కుర్రోడు
అన్నా ఇదంతా బ్లాక్ అండ్ వైట్ కాలం కదా. అప్పుడు జట్లే పది లోపు. త్రీ పాయింట్ లైన్ లేదు. స్టీవ్ కెర్ గురించి మాట్లాడుకోవచ్చు కదా? ఆటగాడిగా ఐదు టైటిళ్ళు, కోచ్‌గా వారియర్స్‌తో నాలుగు (2015, 2017, 2018, 2022). 2015–16లో 73 గెలుపులు. దీనికి ఎదురేముంది?

#5 లెక్కల_మాస్టారు
కుర్రోడా, కెర్ గొప్పవాడే. కాదనేవాళ్ళు లేరు. కానీ షార్మన్ కోచింగ్ లెక్కలు కూడా చూసి మాట్లాడు.

1971–72 లాస్ ఏంజెలెస్ లేకర్స్: 69 గెలుపులు, 13 ఓటములు. ఈ రికార్డును 1995–96లో చికాగో బుల్స్ (72–10) దాటే వరకూ ఎవరూ ముట్టుకోలేదు. ఆ సీజన్‌లోనే 1971 నవంబరు 5 నుంచి 1972 జనవరి 7 దాకా వరసగా 33 గెలుపులు. నీ త్రీ పాయింట్ల కాలంలో కూడా ఆ 33 అలాగే ఉంది. 2012–13లో మయామి హీట్ 27 దగ్గర ఆగింది.

ఇంకో సంగతి. లేకర్స్ 33 గెలుపుల వరసను 1972 జనవరి 9న ఆపింది మిల్వాకీ బక్స్, 120–104తో, మిల్వాకీలోనే. ఆ రోజు కరీం అబ్దుల్ జబ్బార్ 39 పాయింట్లు కొట్టాడు. 2015–16లో నీ వారియర్స్ వరసగా 24 గెలిచి సీజన్ మొదలుపెడితే వాళ్ళను ఆపిందీ మిల్వాకీయే, అక్కడే. ఆ 24 మ్యాచ్‌లలో బెంచి మీద కోచ్‌గా కూర్చున్నది కెర్ కాదు. ఆయన వెన్ను ఆపరేషన్ల వల్ల దూరంగా ఉంటే ల్యూక్ వాల్టన్ నడిపించాడు.

#6 కపిలతీర్థం_కుర్రోడు
మాస్టారూ మిల్వాకీ సంగతి మాత్రం అదిరింది.

#7 రేణిగుంట_రైల్వే
నేను రైల్వే కోటాలో చేరి ఆడినవాణ్ణి. శేషాచలం అన్న పరిస్థితి నాకు తెలుసు. మన దేశంలో ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ అంటే నిజానికి ఉద్యోగం. రైల్వే, పోలీసు, బ్యాంకు, సర్వీసెస్. ఆట అయిపోయాక సీటు దగ్గరకు వెళ్ళి ఫైళ్ళు చూసుకోవాలి. కోచ్ కావాలంటే పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) డిప్లొమా చేయాలి, దానికి సెలవు దొరకాలి. అందుకే షార్మన్ ఆట మానేశాక ఏం చేశాడో, డబ్బు ఎలా, ఉద్యోగం ఎలా, అది ఎవరైనా చెప్పండి. టైటిళ్ళ లెక్క ఎక్కడైనా దొరుకుతుంది.

#8 శేషాచలం_షూటర్
రేణిగుంట అన్నా, మంచి ప్రశ్న. అక్కడ కూడా దారి నున్నగా ఏమీ లేదు.

1961లో సెల్టిక్స్ వదిలి కొత్తగా పెట్టిన ఏబీఎల్ అనే లీగ్‌లో లాస్ ఏంజెలెస్ జెట్స్‌కు ఆడుతూనే కోచ్‌గా చేరాడు. సీజన్ సగంలో ఆ జట్టు మూతపడింది. (ఆటగాడిగా మొదటి జట్టూ అంతే, కోచ్‌గా మొదటి జట్టూ అంతే.) అదే లీగ్‌లో క్లీవ్‌లాండ్ పైపర్స్‌లో కోచ్ జాన్ మెక్‌లెండన్ యజమానితో పడక తప్పుకుంటే ఆ సీటులోకి వచ్చాడు. 1962లో పైపర్స్ టైటిల్ గెలిచింది. ఆ యజమాని జార్జ్ స్టీన్‌బ్రెన్నర్, తర్వాత న్యూయార్క్ యాంకీస్ బేస్‌బాల్ జట్టును కొన్నాయన. కొన్నాళ్ళకే లీగ్ కూడా పోయింది.

అక్కడి నుంచి లాస్ ఏంజెలెస్‌లో ఒక కాలేజీ జట్టు. ఎన్‌బీఏ టైటిళ్ళు నాలుగున్న మనిషి వెళ్ళి కాలేజీ పిల్లలకు నేర్పాడు. 1966లో శాన్ ఫ్రాన్సిస్కో వారియర్స్ పిలిచింది. మొదటి ఏడాదే ఫైనల్‌కు తీసుకెళ్ళి, విల్ట్ చాంబర్లెయిన్ ఆడిన ఫిలడెల్ఫియా చేతిలో ఆరు మ్యాచ్‌లలో ఓడాడు. తర్వాత ఎన్‌బీఏకు పోటీ లీగ్ అయిన ఏబీఏలో లాస్ ఏంజెలెస్ స్టార్స్. 1970 ఫైనల్‌లో ఇండియానా చేతిలో ఓటమి. జట్టు యూటాకు మారింది, 1971లో టైటిల్. ఆ వెంటనే లేకర్స్ పిలుపు, 1972లో టైటిల్. మూడు వేర్వేరు ప్రొఫెషనల్ లీగ్‌లలో కోచ్‌గా టైటిల్ కొట్టాడు.

#9 మాధవి_ఎస్వీయూ
ఒక్క మాట. 1962 టైటిల్‌ను షార్మన్ ఖాతాలో మాత్రమే వేస్తే నాకు ఒప్పుదల కాదు. ఆ జట్టును కూర్చింది మెక్‌లెండన్. అమెరికాలో ప్రొఫెషనల్ లీగ్‌లో హెడ్ కోచ్ అయిన తొలి నల్లజాతివాళ్ళలో ఒకడు ఆయన. సీజన్ మధ్యలో యజమాని జోక్యం భరించలేక బయటికొచ్చాడు. వండినది ఒకరు, వడ్డించింది ఒకరు. షార్మన్ తప్పేమీ లేదు, కానీ లెక్క చెప్పేటప్పుడు ఆ పేరు కూడా చెప్పాలి.

(నేను యూనివర్సిటీ తరఫున ఆడాను, ఇప్పుడు అమ్మాయిల జట్టు చూస్తున్నాను. టోర్నమెంట్‌కు నెల ముందు ఇంకొకరిని పెట్టి కప్పు వాళ్ళ చేతికివ్వడం మనకు కొత్తేమీ కాదు. అందుకే మెక్‌లెండన్ దగ్గర నా మనసు ఆగింది.)

#10 పీడీ_సార్_చిత్తూరు
మాధవి మేడమ్ చెప్పింది న్యాయం.

#11 పుంగనూరు_పాయింట్‌గార్డ్
మేడమ్ మాటకు నేనూ సై. అయినా 1972 సంగతి ఎవరూ విడమరిచి చెప్పలేదు. చాంబర్లెయిన్, జెర్రీ వెస్ట్ ఇద్దరూ ఉన్న జట్టును ఎవడు పట్టుకున్నా గెలుస్తాడు కదా? నన్ను కూర్చోబెట్టినా గెలిపిస్తా.

#12 లెక్కల_మాస్టారు
అలా అయితే అంతకుముందు ఎందుకు గెలవలేదు నాయనా? లేకర్స్ 1960లో మినియాపొలిస్ నుంచి లాస్ ఏంజెలెస్ వచ్చింది. 1962, 63, 65, 66, 68, 69, 70 ఫైనల్స్ ఆడింది. ఏడూ ఓడింది. అందులో ఆరు బోస్టన్ చేతిలో. చివరి మూడింటిలో రెండిట్లో వెస్ట్, చాంబర్లెయిన్ ఇద్దరూ ఉన్నారు. ఇద్దరు పెద్ద ఆటగాళ్ళుంటే చాలదని అప్పటికే రుజువైంది.

అలాంటి ఊరికి కోచ్‌గా బోస్టన్ మనిషిని తేవడం చూడు. షార్మన్ ఒక్కడే కాదు, అసిస్టెంట్‌గా వచ్చిన కేసీ జోన్స్ కూడా పాత సెల్టిక్కే. 1959 ఫైనల్‌లో ఇదే లేకర్స్‌ను 4–0తో ఊడ్చిన సెల్టిక్స్‌లో ఇద్దరూ ఉన్నారు. పుంగనూరు కబడ్డీ జట్టుకు మదనపల్లె వాణ్ణి కోచ్‌గా పెడితే మీ ఊళ్ళో ఊరుకుంటారా?

#13 పుంగనూరు_పాయింట్‌గార్డ్
మదనపల్లె పేరెత్తకండి మాస్టారూ, బీపీ పెరుగుతుంది.

#14 మాధవి_ఎస్వీయూ
1972 గురించి నేను రాస్తాను, నాకు ఇష్టమైన సీజన్ అది. కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

షార్మన్ వచ్చేసరికి జట్టు వయసు మళ్ళింది. చాంబర్లెయిన్‌కు 35. వెస్ట్‌కు 33. ఎల్జిన్ బేలర్ మోకాళ్ళు పోయాయి. సీజన్ మొదలైన తొమ్మిది మ్యాచ్‌లకే బేలర్ రిటైర్ అయ్యాడు. పన్నెండేళ్ళకు పైగా ఆ జట్టుకు ముఖంగా ఉన్న ఆటగాణ్ణి స్టార్టింగ్ ఐదుగురిలోంచి తప్పించి, జిమ్ మెక్‌మిలియన్ అనే కుర్రాణ్ణి పెట్టాలనుకున్నాడు కోచ్. బేలర్ బెంచి మీద కూర్చోవడం కన్నా ఆట మానేయడమే నయమనుకున్నాడు. ఆ తర్వాతి మ్యాచ్‌తోనే 33 గెలుపుల పరుగు మొదలైంది. ఇది చదవడానికి తేలిక. ఆ రోజు గెలుస్తామో ఓడతామో తెలియని కోచ్‌కు ఆ నిర్ణయం ఎంత బరువో జట్టు నడిపినవాళ్ళకే తెలుస్తుంది. పేరున్న సీనియర్ అమ్మాయిని బెంచి మీద కూర్చోబెట్టినప్పుడు వాళ్ళ నాన్న ఫోన్ చేస్తాడు, మామ ఫోన్ చేస్తాడు, తెలిసిన నాయకుడి చేత కూడా ఫోన్ చేయిస్తారు.

రెండోది చాంబర్లెయిన్. 1961–62లో మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు కొట్టిన మనిషి. అలాంటివాణ్ణి నువ్వు పాయింట్లు కొట్టొద్దు, రీబౌండ్ (తప్పిన షాట్ బంతి) తీసి వెంటనే బంతి ముందుకు విసురు, గార్డ్‌లు పరిగెత్తుతారు అని ఒప్పించాడు షార్మన్. ఆ సీజన్‌లో చాంబర్లెయిన్ సగటు 14.8 పాయింట్లు, 19.2 రీబౌండ్‌లు. పరిగెత్తిన ఇద్దరు గార్డ్‌లూ, గెయిల్ గుడ్‌రిచ్ 25.9, వెస్ట్ 25.8. వెస్ట్ అసిస్టుల్లో (పక్కవాడు పాయింట్లు కొట్టేలా ఇచ్చే పాసుల్లో) లీగ్‌కే మొదటివాడు. ఫైనల్‌లో న్యూయార్క్ మీద 4–1. ఉత్తమ ఆటగాడి బహుమతి చాంబర్లెయిన్‌కే వెళ్ళింది. పాయింట్లు తగ్గించుకున్నవాడికే!

షూటింగ్ గార్డ్‌గా ఆడిన అనుభవం ఇక్కడే పనికొచ్చిందని నా అభిప్రాయం. కూజీ బంతి పట్టుకుని ఉంటే షార్మన్ బంతి లేకుండా స్క్రీన్‌ల (డిఫెండర్‌కు అడ్డంగా నిలబడే తోటివాళ్ళ) చుట్టూ పరిగెత్తేవాడు. తను ఎక్కడ ఆగితే బంతి సరిగ్గా చేతిలో పడుతుందో చూసుకోవడం, పదేళ్ళు అదే పని. బంతి లేనివాడి విలువ తెలిసిన కోచ్ కాబట్టే చాంబర్లెయిన్‌తో ఆ మాట అనగలిగాడు. పుంగనూరు గారూ, ఇది మీ పాయింట్ గార్డ్‌లకు తట్టదు, మీ చేతిలో ఎప్పుడూ బంతి ఉంటుంది.

#15 పుంగనూరు_పాయింట్‌గార్డ్
దెబ్బ తగిలింది అక్కా.

#16 కపిలతీర్థం_కుర్రోడు
షూట్‌అరౌండ్ ఈయనే కనిపెట్టాడంటారు, నిజమేనా? ఇప్పుడు ఎన్‌బీఏలో మ్యాచ్ రోజు పొద్దున చేసే తేలికపాటి ప్రాక్టీసు?

#17 శేషాచలం_షూటర్
అవును తమ్ముడూ. సెల్టిక్స్‌లో ఆడేటప్పుడు మ్యాచ్ రోజుల్లో ఆయనకు కుదురుండేది కాదట. పొద్దున్నే ఏదో ఒక స్కూలు జిమ్‌కు వెళ్ళి ఒంటరిగా షాట్లు వేసుకునేవాడు. రాత్రి మ్యాచ్‌లో చేయి తేలిగ్గా ఆడేది. అదే అలవాటు కోచ్ అయ్యాక జట్టు మొత్తానికి పెట్టాడు. లేకర్స్‌లో పెద్ద అడ్డంకి చాంబర్లెయిన్. ఆయనది రాత్రిళ్ళు ఆలస్యంగా పడుకుని మధ్యాహ్నం లేచే రకం. షార్మన్ గొడవ పెట్టుకోలేదు. ప్రయత్నించి చూద్దాం, పనికొస్తేనే కొనసాగిద్దాం అన్నట్టుగా ఒప్పించుకున్నాడు. ఆ తర్వాత 33 మ్యాచ్‌లు గెలుస్తుంటే ఎవరు మానేస్తారు? కొద్ది కాలంలోనే మిగతా జట్లన్నీ అదే పట్టుకున్నాయి.

#18 రేణిగుంట_రైల్వే
మన దగ్గర మ్యాచ్ రోజు పొద్దున కోర్టు ఎక్కడ దొరుకుతుంది అన్నా? టోర్నమెంట్‌కు వెళితే స్కూలు గదుల్లో పడుకోబెడతారు. బాత్రూమ్ దగ్గర క్యూ. ఆరు గంటలకే ఇంకో రెండు జట్ల మ్యాచ్ పెట్టేసి ఉంటారు. ఒక చోట అయితే రింగు వంగి ముందుకు వాలి ఉంది, చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు, అలాగే సెమీస్ ఆడించారు.

#19 మాధవి_ఎస్వీయూ
కోర్టు దొరక్కపోయినా ఆ పద్ధతిలోని సారం తీసుకోవచ్చు రేణిగుంట గారూ. మా అమ్మాయిలతో నేను చేసేది చెప్తాను. మ్యాచ్ రోజు పొద్దున పెద్దగా ఎండ పడకముందే ఏదో ఒక ఖాళీ జాగా చూసుకుంటాం. రింగు లేకపోయినా సరే. ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి షాట్ వేసినట్టే బంతి పైకి వేసి పట్టుకోవడం. మోచేయి రింగు వైపుకే ఉందా, మణికట్టు చివర్లో వంగుతోందా, అంతే చూస్తాను. తర్వాత మన ప్లేలు నడుస్తూ ఒకసారి. చెమట పట్టకూడదు. మే నెలలో మన తిరుపతిలో మ్యాచ్ ముందే చెమట పట్టిందంటే సాయంత్రానికి కాళ్ళు పట్టేస్తాయి.

కొందరు మ్యాచ్ రోజు కూడా అలిపిరి మెట్లు ఎక్కించేస్తారు. స్టామినా కోసమట! 3550 మెట్లు ఎక్కిన కాళ్ళు నాలుగో క్వార్టర్‌లో జంప్ షాట్ ఎలా వేస్తాయండీ? వారం ముందు ఎక్కించండి, మొక్కు తీరుతుంది, ఫిట్‌నెస్ వస్తుంది.

#20 పీడీ_సార్_చిత్తూరు
మెట్ల సంగతి బాగా చెప్పారు మేడమ్. ఈ మాట పెద్ద అక్షరాలతో రాసి స్టేడియం గోడకు అంటించాలి.

#21 లెక్కల_మాస్టారు
నాకు ఈ కథలో నవ్వొచ్చేది ఇంకోటుంది. తన కాలంలో ఫ్రీ త్రోలో షార్మన్‌ను మించినవాడు లేడు, కెరీర్ మొత్తం 88.3 శాతం. ఆయన చేతికి వచ్చిన చాంబర్లెయిన్ పెద్ద ఆటగాళ్ళలో బాగా చెడ్డ ఫ్రీ త్రో షూటర్లలో ఒకడు, కెరీర్‌లో 51.1 శాతం. మరి గురువుగారు మార్చాడా? 1971–72లో చాంబర్లెయిన్ 42.2 శాతం! గొప్ప షూటర్ కోచ్‌గా వచ్చినా ఆ ఒక్కటీ బాగుపడలేదు. శేషాచలం గమనించు, నీకు బాగా వచ్చిన పని నీ శిష్యుడికి వస్తుందన్న గ్యారంటీ లేదు. అయినా టైటిల్ గెలిచారు.

#22 శేషాచలం_షూటర్
మాస్టారూ, నాకైతే ఇదే ధైర్యం ఇచ్చింది. చాంబర్లెయిన్ ఫ్రీ త్రోలతో కుస్తీ పడుతూ సీజన్ పాడుచేసుకోకుండా ఆయనకు వచ్చిన పనిని వాడుకున్నాడు. నేనైతే ఆ ఫ్రీ త్రోల దగ్గరే తల బాదుకునేవాణ్ణి.

#23 కపిలతీర్థం_కుర్రోడు
వారియర్స్‌లో రిక్ బారీ కూడా ఈయన దగ్గర ఆడాడు కదా? కిందనుంచి రెండు చేతులతో ఫ్రీ త్రో వేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళంట.

#24 లెక్కల_మాస్టారు
నవ్వినవాళ్ళ శాతం ఎంతో కనుక్కో :) బారీ ఎన్‌బీఏ కెరీర్ 90 శాతం. 1967 ఫైనల్‌లో మ్యాచ్‌కు సగటున 40.8 పాయింట్లు. ఆ వెంటనే ఏబీఏకు వెళ్ళిపోయాడు, కోర్టు గొడవల వల్ల ఒక సీజన్ ఆడకుండా కూర్చోవాల్సి వచ్చింది. షార్మన్‌కు వారియర్స్‌లో రెండో ఏడాది ఆ లోటు అలాగే ఉండిపోయింది.

#25 పీడీ_సార్_చిత్తూరు
పొగడ్తలు చాలా అయ్యాయి, రెండో వైపు కూడా చెప్పాలి. 1973లో మళ్ళీ ఫైనల్, ఈసారి న్యూయార్క్ చేతిలో 1–4. ఆ తర్వాత చాంబర్లెయిన్ వెళ్ళిపోయాడు, 1974లో వెస్ట్ మానేశాడు. 1974–75లో లేకర్స్ 30 గెలిచి 52 ఓడింది. 1975లో కరీంను తెచ్చుకున్నా 40–42, ప్లేఆఫ్స్ కూడా చేరలేదు. 33 గెలిపించిన కోచ్, అదే పొద్దుటి షూట్‌అరౌండ్, అదే క్రమశిక్షణ. ఆటగాళ్ళు మారితే ఫలితం మారింది. కోచ్ చేతిలో ఉన్నది ఎంత, లేనిది ఎంత అనేది పిల్లల తల్లిదండ్రులకు కూడా తెలియాలి.

ఇంకో సంగతి, ఎవరూ ఎత్తలేదు. ఆయన గొంతు. 1971–72 సీజన్ పొడుగునా అరిచి అరిచి స్వరపేటిక దెబ్బతింది. ఆ తర్వాత ఆయన గొంతు ఎప్పటికీ మామూలు కాలేదు, చిన్నగా గుసగుసలా మాట్లాడేవాడు. కోచింగ్ మానడానికి అదీ ఒక కారణం. 1976లో కోచ్ సీటు వెస్ట్‌కు వెళ్ళింది, ఈయన జనరల్ మేనేజర్ అయ్యాడు. ఆ కుర్చీలో ఉండగా లేకర్స్ 1980లో, 1982లో టైటిళ్ళు గెలిచింది, అరవాల్సిన పని లేకుండా.

శేషాచలం, నువ్వు ఓపెన్ గ్రౌండ్‌లో ముప్పైమంది పిల్లలతో మొదలుపెడతావు. మొదటి రోజే ఒక విజిల్ కొనుక్కో. గొంతు పోయిన పీఈటీలను మా తరంలో చాలామందిని చూశాను. వేడినీళ్ళు, మిరియాలు, ఇవన్నీ తర్వాతి మాట.

#26 రేణిగుంట_రైల్వే
నిజం సార్. మా కోచ్‌కూ అంతే. ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడితే ఎవరో గుర్తుపట్టలేం.

#27 పుంగనూరు_పాయింట్‌గార్డ్
బేస్‌బాల్ కూడా ఆడాడని ఎక్కడో చదివాను. జోర్డాన్ లాగానా?

#28 శేషాచలం_షూటర్
జోర్డాన్ కన్నా ముందే, ఇంకా చిత్రంగా. బ్రూక్లిన్ డాడ్జర్స్ సంస్థలో కింది స్థాయి జట్లకు ఆడేవాడు. 1951 సెప్టెంబరులో పెద్ద జట్టుకు పిలిచారు. బెంచి మీద కూర్చున్నాడు. ఒక మ్యాచ్‌లో అంపైర్ నిర్ణయం మీద గొడవై డాడ్జర్స్ బెంచి మొత్తాన్ని బయటికి పంపేశాడు అంపైర్. అందులో ఈయనా ఉన్నాడు. ఆ తర్వాత మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఒక్క బంతి ఆడకుండా మైదానం నుంచి గెంటించుకున్న రికార్డు అన్నమాట!

#29 పుంగనూరు_పాయింట్‌గార్డ్
😂😂 మా ఊరి క్రికెట్ జట్టులో పన్నెండోవాడి బతుకు.

#30 కపిలతీర్థం_కుర్రోడు
షూటింగ్ గార్డ్ కోచ్‌లలో డగ్ కాలిన్స్‌ను కూడా చేర్చండి. జోర్డాన్‌కు మొదట్లో కోచ్ ఆయనే కదా.

#31 లెక్కల_మాస్టారు
చేర్చాల్సినవాడే. 1973 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్ళను వరసగా ఎంచుకునే చోట) మొదటి ఎంపిక, ఫిలడెల్ఫియాకు నాలుగు ఆల్‌స్టార్‌లు, గాయాలతో 1981కే ఆట ముగిసింది. అంతకన్నా ముందు 1972 మ్యూనిక్ ఒలింపిక్ ఫైనల్. సోవియట్ జట్టు మీద అమెరికా ఒక పాయింటు వెనక ఉంది, మూడు సెకన్లు మిగిలాయి. ఫౌల్ దెబ్బకు కింద పడి లేచి రెండు ఫ్రీ త్రోలు వేశాడు, రెండూ పడ్డాయి. 50–49. తర్వాత ఆ మూడు సెకన్లు మళ్ళీ మళ్ళీ ఆడించారు, 51–50తో సోవియట్ గెలిచింది. అమెరికా ఆటగాళ్ళు వెండి పతకాలు తీసుకోలేదు.

కోచ్‌గా 1986 నుంచి 1989 దాకా బుల్స్. జట్టును ఎక్కించుకుంటూ కాన్ఫరెన్స్ ఫైనల్ (లీగ్‌లో సెమీస్ లాంటిది) దాకా తెచ్చాడు, తీసేశారు. ఆయన అసిస్టెంట్ ఫిల్ జాక్సన్ వచ్చి ఆరు టైటిళ్ళు గెలిచాడు. మాధవి మేడమ్ చెప్పిన మెక్‌లెండన్ గుర్తొస్తున్నాడా?

#32 మాధవి_ఎస్వీయూ
రాకుండా ఎలా ఉంటాడు మాస్టారూ. కాకపోతే జాక్సన్ ట్రయాంగిల్ అఫెన్స్ (ముగ్గురు త్రికోణంలో నిలబడి పాసులతో దాడి చేసే పద్ధతి) పెట్టి ఆటనే మార్చాడు. రెండూ ఒకటే అనను.

#33 రేణిగుంట_రైల్వే
బాస్కెట్‌బాల్ మేటివాళ్ళ గౌరవ జాబితా హాల్ ఆఫ్ ఫేమ్‌లో షార్మన్ రెండుసార్లు ఉన్నాడంటారు?

#34 శేషాచలం_షూటర్
అవునన్నా. ఆటగాడిగా 1976లో, కోచ్‌గా 2004లో. రెండు రకాలుగానూ చేరినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. జాన్ వుడెన్, లెనీ విల్కెన్స్ ఆయనకు ముందు. టామ్ హైన్సన్, బిల్ రసెల్ తర్వాత. ఐదుగురిలో ముగ్గురు ఒకప్పటి సెల్టిక్స్ జట్టువాళ్ళే. 2013 అక్టోబరులో 87 ఏళ్ళకు పోయాడు.

#35 పీడీ_సార్_చిత్తూరు
ఇక నీ సంగతి చెప్పు. కోచింగ్‌కి దిగుతున్నావా లేదా? నేను అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు. నీ షాట్ మాటల్లో పెట్టు.

#36 శేషాచలం_షూటర్
ప్రయత్నిస్తాను సార్. ఫ్రీ త్రో వరకే చెప్తాను.

కుడి పాదం బొటనవేలు రింగు మధ్యకు చూస్తుంది, ఎడమ పాదం కొంచెం వెనక. బంతి అరచేతికి తగలదు, వేళ్ళ కుదుళ్ళ మీద ఉంటుంది. ఎడమచేయి పక్కన పట్టుకోవడానికే, తోయడానికి కాదు. మోకాళ్ళు వంగినప్పుడే బంతి కిందికి, మోకాళ్ళు లేస్తుంటే బంతి పైకి, రెండూ కలిసి. మోచేయి కంటి ఎత్తు దాటాక విడవడం. చూపు రింగు వెనక అంచు మీద. వదిలాక చేయి అక్కడే ఉంచడం, బంతి రింగును తాకేదాకా.

చిన్నపిల్లలకు పది అడుగుల రింగు ఎక్కువ కాబట్టి దగ్గర నుంచి మొదలుపెట్టిస్తాను. లైన్ దగ్గరికి తర్వాత. త్రీ పాయింట్ అడిగేవాణ్ణి మాత్రం ఏడాది దాకా లైన్ బయటికి పోనివ్వను. అంతర్జాతీయ సమాఖ్య ఫిబా లైన్ 6.75 మీటర్లు, ఆ దూరానికి చిన్న చేతులు బంతిని గుండు విసిరినట్టు విసురుతాయి, తర్వాత ఆ అలవాటు మాన్పించడం నా వల్ల కాదు.

#37 కపిలతీర్థం_కుర్రోడు
ఏడాదా! అన్నా అందరూ కర్రీ వీడియో చూసే వస్తారు. మీ దగ్గర ఎవడూ ఉండడు.

#38 పీడీ_సార్_చిత్తూరు
పోయేవాళ్ళు పోనీ. శేషాచలం, నువ్వు రాసింది బాగుంది. "మోచేయి కంటి ఎత్తు" అన్నావే, ఆ ఒక్కటీ ఎనిమిదో తరగతి పిల్లాడికి కష్టం, గడ్డం ఎత్తు చాలు, బలం వచ్చాక పెంచు. మిగతాది అలాగే ఉంచు. పాటియాలా డిప్లొమాకు సెలవు దొరక్కపోతే ముందు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు చెయ్యి, వేసవిలో ఉంటుంది. కాగితం చేతిలో లేకుండా నీ అనుభవాన్ని ఎవరూ గుర్తించరు, అది మన దగ్గర వాస్తవం.

#39 మాధవి_ఎస్వీయూ
అమ్మాయిలను కూడా తీసుకోండి శేషాచలం గారూ. విడిగా సాయంత్రం ఏడు గంటలకు పెడితే ఇళ్ళలో పంపరు. పొద్దున ఆరు నుంచి ఏడున్నర మధ్య పెట్టండి, స్కూలు బస్సు వేళకు ఇంటికి చేరతారు. ఏడో నంబరు బంతి కాదు, ఆరో నంబరు కొనండి. అబ్బాయిల బంతులే ఇచ్చి ఆడించే క్యాంపులు ఇంకా ఉన్నాయి, చేతులు పాడవుతాయి.

#40 శేషాచలం_షూటర్
తప్పకుండా మేడమ్. ఆరో నంబరు బంతులు తిరుపతిలో దొరుకుతాయా, చెన్నై నుంచి తెప్పించాలా?

#41 రేణిగుంట_రైల్వే
రబ్బరువి ఇక్కడే దొరుకుతాయి అన్నా. సిమెంటు కోర్టుకు అవే మేలు, లెదర్‌వి నెలలో అరిగిపోతాయి. ఎన్ని కావాలో మెసేజ్ పెట్టు, తెలిసిన షాపు ఉంది, రేటు మాట్లాడతా.

#42 పుంగనూరు_పాయింట్‌గార్డ్
పాయింట్ గార్డ్‌లకు ఫీజు రాయితీ ఉందా?

#43 మోడరేటర్
బంతుల కొనుగోలు, క్యాంపు ఫీజుల మాటలు "పరికరాలు – కొనుగోళ్ళు" విభాగంలోకి తీసుకెళ్ళండి. కిందనుంచి వేసే ఫ్రీ త్రో మీద ఇద్దరు ముగ్గురు నాకు విడిగా రాశారు. దానికి రిక్ బారీ పేరుతో వేరే థ్రెడ్ తెరుస్తున్నాను, లెక్కల మాస్టారు మొదటి పోస్టు పెడతామన్నారు.